చివరి పదహారు పేజీలు

నాంపల్లి,
17 జూలై 1966

బెత్సీకి,

ఇక్కడ అందరం బాగున్నాం. మా వామన్‌రావు అన్నయ్యకు దగ్గు తగ్గింది. ఆయన కూతురు పద్మ పి.యు.సి.లో చేరింది. కాలేజీకి రోజూ బషీర్‌బాగ్ దాకా నడిచే పోతుంది, బస్సెక్కమంటే వినదు.

ఇవాళ ఆదివారం కదా, పొద్దున్నే అబిడ్స్ పోయి వచ్చాను. వెంకటేశం ఎప్పటిలాగే మూసిన బట్టల దుకాణం మెట్ల ముందు గోనెపట్టా పరిచి పుస్తకాలు పేర్చుకున్నాడు. నన్ను చూడగానే పట్టా కిందనుంచి ఒకటి తీశాడు. "టీచరమ్మా, పిల్లిది కొత్తది వచ్చింది. మీ కోసమే దాచిపెట్టిన" అన్నాడు. మన నల్లపిల్లి కాటుక ఇరవై మూడో నవల, 'అటకమీద అడుగులు'. సుభద్రమ్మ ఈసారి కూడా తన పూటకూళ్ల ఇల్లు దాటకుండానే దొంగను పట్టింది. కాటుక ఎక్కడ కూర్చోకూడదో అక్కడే పోయి కూర్చుంది. అంతకు మించి చెప్పను.

పుస్తకం బుక్‌పోస్టులో వస్తోంది. చివర ఒకే కట్టగా కుట్టి ఉన్న పదహారు పేజీల ఫారం విప్పి నా ట్రంకుపెట్టెలో పెట్టాను. నేరస్తుడు ఎవరో నువ్వు ఊహించి రాశాకే అది మెదక్ బస్సెక్కుతుంది. పదకొండేళ్లుగా ఇదే నియమం. పోయినసారి నువ్వు మీ బస్టాండులో ఇంకో కాపీ చూసి, చివర తిరగేసి, ఊహించినట్టు నటించావు. నాకు అనుమానం వచ్చింది సుమా. హాస్టల్లో ఒకే గదిలో ఉన్నప్పటినుంచీ చూస్తున్నాను, నీకు అబద్ధం ఆడటం రాదు. ఆడితే నీ రాత వంకర పోతుంది.

నీ ప్రభావతి


మెదక్,
29 జూలై 1966

ప్రభకు వందనాలు.

దేవుని దయవల్ల కులాసాగా ఉన్నాను. పుస్తకం అందింది. డ్యూటీ దిగి టీ అయినా తాగకుండా విప్పాను. తీరా చూస్తే పదిహేడో పేజీతో మొదలైంది. చచ్చినవాడు ఎవరో తెలియదు, ఇంట్లో అందరూ ఏడుస్తున్నారు. వెనక్కి తిప్పి చూద్దును కదా, చివరి ఫారం పదిలంగా కుట్టి ఉంది. నువ్వు విప్పి ట్రంకులో దాచింది మొదటి ఫారం, తల్లీ. నువ్వు ఆ ఫారం ముందేసుకుని నా ఊహ కోసం ఎదురుచూస్తుంటావని తలచుకుని నవ్వాపుకోలేకపోయాను.

చివర చూడలేదు. దవాఖాన పిన్నీసులు రెండు గుచ్చి మూసేశాను. నా అనుమానం ఆ ఊళ్లోకి కొత్తగా వచ్చిన కాంపౌండరు మీద. కాంపౌండర్లను ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, నా మాట నమ్ము.

ఇంకో సంగతి. నీ ఉత్తరంలో అట్ట ఊసే లేదు. కాటుక నల్లపిల్లి అని ఆ రాసేవారు పేజీకి ఒకసారి మొత్తుకుంటుంటే, బొమ్మలు వేసే ఆయన ఒకసారి తెల్లదాన్నీ ఒకసారి చారలదాన్నీ వేస్తాడు. ఆయన్ను తిట్టకుండా నువ్వు ఒక్క ఉత్తరమైనా రాసి ఎరగవు. ఈసారి పచ్చగా పసుపు పిల్లిని వేశాడు. దీనికి కామెర్లు వచ్చాయని మా వార్డంతా నవ్వుకున్నాం. నువ్వెట్లా ఊరుకున్నావు?

నీ బెత్సీ


నాంపల్లి,
9 ఆగస్టు 1966

బెత్సీ,

ఒక ఫారం తారుమారు అయితే ఇంత ఎగతాళి అక్కర్లేదు. పరీక్ష పేపర్లు దిద్దుతూ విప్పాను. మొదటి ఫారం దీనితో పంపుతున్నాను. కాంపౌండరు కాదు. పిన్నీసులు తీసి చూసుకో.

అట్ట సంగతి ఎన్నిసార్లని రాయను. ఇప్పుడు పంపే 'పాలగిన్నె సాక్షి' మీద మాత్రం బాగా వేశాడు. పిల్లి నల్లగా నిగనిగలాడుతోంది. చివరి ఫారం నా దగ్గరే ఉంది. పద్మ చేత పేజీలు లెక్కపెట్టించాను.

ప్రభ


మెదక్,
24 ఆగస్టు 1966

ప్రభా,

'పాలగిన్నె సాక్షి' నువ్వు మే నెలలోనే పంపావు. నా గూట్లో ఉంది, చివరి ఫారంతో సహా. ఆ అట్టమీద పిల్లి తెల్లది. గలీబు తొడిగిన దిండులా ఉందని అప్పుడు రాసింది నువ్వే.

సుభద్రమ్మ అయితే అందరినీ హాల్లో కూర్చోబెట్టి, కాటుకను ఒళ్లో పెట్టుకుని చెబుతుంది. నాకు పిల్లీ లేదు, హాలూ లేదు. నీ ఉత్తరాలు మంచంమీద పరుచుకుని కూర్చున్నాను. సంక్రాంతి తర్వాత రాసిన కార్డులో పద్దెనిమిది వరుసలు ఉన్నాయి. మొన్నటిదాంట్లో తొమ్మిది. అక్షరాలు పెద్దవయ్యాయి, కుడివైపు పోయేకొద్దీ వరుస పైకెక్కుతోంది. ఒకచోట రాసినదాని మీదే మళ్లీ రాశావు. నేను అబద్ధం ఆడితే రాత వంకర పోతుందన్నావు కదా, నీది ఆర్నెల్లుగా వంకర పోతోంది.

ఇంతకాలం పట్టించుకోనందుకు నామీద నాకే కోపంగా ఉంది. ఆరేళ్లు కంటి వార్డులో పనిచేసినదాన్ని. ఒక్కటే అడుగుతాను, సాకులు చెప్పకుండా జవాబు రాయి. కుడి కన్నా, ఎడమ కన్నా?

బెత్సీ


నాంపల్లి,
11 సెప్టెంబరు 1966

బెత్సీ,

రెండూ.

కుడిది పూర్తిగా పొగ. ఎడమది ఎండ తీక్షణంగా లేనప్పుడు కాస్త నయం. ఇది పద్మ చేత రాయిస్తున్నాను. నీ దగ్గర ఇంకా దాచి ప్రయోజనం ఏముంది? ఏప్రిల్ నుంచి నవలలు కూడా అదే చదివి వినిపిస్తోంది. బాగానే చదువుతుంది కానీ, సుభద్రమ్మ మాటలు మా తెలంగాణ మాటల్లోకి మార్చేస్తుంది. దొంగను చూసి "ఏంది రా, గిట్ల జేసినవ్?" అంటుంది. ఇప్పుడు మూతి ముడుచుకుంది, ఈ వాక్యం రాయనంటోంది. రాయమన్నాను.

బడిలో ఎవరికీ తెలియదు. ఇరవై ఆరేళ్లుగా అవే పద్యాలు, పుస్తకం చూడక్కర్లేదు. నోటుబుక్కులు పద్మ దిద్దుతుంది, నేను సంతకం పెడతాను. నాకింకా నాలుగేళ్ల సర్వీసు ఉంది. కళ్లు కనిపించని టీచరును ఎవరు ఉంచుకుంటారు? బడి పోతే నేను అన్నయ్య ఇంట్లో మూల కూర్చుని, ఎవరు చదివి పెడతారా అని ఎదురుచూడాలి. ఆ బతుకు నాకు వద్దు.

నవ్వుకుంటావని చెప్పలేదు కానీ ఇది కూడా విను. పోయిన నెల వానలో ఇంటివాళ్ల పిల్లి తడిసి వరండాలో ముడుచుకుని పడుకుంది. జాలేసి పాలగిన్నె తెచ్చి ముందు పెట్టాను. తాగదే. వంగి తల నిమిరాను. అది అన్నయ్య గొడుగు. లోపలికి వచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

ఇక నువ్వు రాయబోయేది నాకు తెలుసు. ఆపరేషన్ మాట ఎత్తకు. మా అమ్మ కళ్లకు కూడా ఇవే పొరలు. ఊరూరా తిరిగే కళ్లవైద్యుడు ఒకడు అరుగుమీద కూర్చోబెట్టి కంట్లో సూది పెట్టాడు. నేనప్పుడు అమ్మ చేతులు పట్టుకుని ఉన్నాను, నాకు పదేళ్లు. వారం తిరక్కుండా ఆ కన్ను కుళ్లింది. నా కంటి దగ్గరికి ఇనుము రానివ్వను. మిగిలిన ఈ పొగ చూపైనా నాదే.

ప్రభావతి

(అంచున, పెన్సిల్‌తో)
బెత్సీ అత్తమ్మా, నేను పద్మ. అత్తమ్మ చెప్పింది చెప్పినట్టు పైన రాసిన. ఇది ఆమె చెప్పలే, ఆమెకు కనవడది గూడ. మొన్న అబిడ్స్ల పెద్ద పోస్టాఫీసు ముంగట రోడ్డు దాటంగ బస్సు మీదికొచ్చింది. డ్రైవరు బ్రేకు గొట్టి ఒర్రిండు. నేను చెయ్యి వట్టి గుంజకపోతే ఏమయ్యేదో. నాయనకు చెప్పొద్దని ఒట్టు వెట్టించుకున్నది. మీకు చెప్పొద్దని మాత్రం అనలే. జర మీరే ఏదన్న చెయ్యున్రి.


మెదక్,
3 అక్టోబరు 1966

ప్రభా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. గొడుగు దగ్గర నవ్వలేదు.

మీ అమ్మగారికి జరిగింది ఆపరేషన్ కాదు. ఆ మనిషి కంటిలోని పొరను సూదితో వెనక్కి తోసి, చూపు వచ్చిందని నమ్మించి, కన్ను చీము పట్టేలోపు ఊరు దాటాడు. అట్లాంటివాళ్లు పాడుచేసిన కళ్లు మా వార్డుకు ఎన్ని వచ్చాయో నీకు చెప్పను, చెబితే అన్నం తినలేవు. మా డాక్టర్లు చేసేది వేరు. మత్తుమందు వేసి, పొరను పూర్తిగా బయటికి తీసి, కుట్టు వేస్తారు. నేను చేతికి పనిముట్లు అందించినవే నాలుగు వందల పైచిలుకు. పాడైనవి లేవని అనను, ఉన్నాయి. వేళ్లమీద లెక్కపెట్టచ్చు. ఏమీ చేయించుకోకపోతే మాత్రం నీ రెండు కళ్లూ పోతాయి, అందులో అనుమానం లేదు.

మీ ఊళ్లోనే కంటి దవాఖాన ఉంది. అక్కడ మా పాత సిస్టర్ జ్ఞానమణి ఉంది, ఆమెకు రాశాను. చలికాలం మంచిది. నేను పదిహేను రోజులు సెలవు పెట్టి నీ మంచం పక్కన కూర్చుంటాను.

దీనితో ఒక పుస్తకం వస్తోంది. ఈసారి నేనే ముందు కొన్నాను. కాటుక ఇరవై నాలుగోది, 'ఆరో మెట్టు'. పద్మ చేత చదివించుకో. చివరి ఫారం మాత్రం నా దగ్గర ఉంది. పిన్నీసులతో కాదు, ఆపరేషన్ పట్టుదారంతో మూడువైపులా కుట్టేశాను. అది నీ కళ్లతో నువ్వే చదవాలి. పద్మ కళ్లతో కాదు, నా నోటితో కాదు. మొండితనం నీ ఒక్కదాని సొత్తేమీ కాదు.

బెత్సీ


నాంపల్లి,
30 అక్టోబరు 1966

బెత్సీ,

నీమీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. పిల్లకు చాక్లెట్ చూపించినట్టు నాకు పదహారు పేజీలు చూపిస్తావా అని పుస్తకాన్ని ట్రంకులో పడేశాను. నాలుగు రోజులు ఓర్చుకున్నాను. అయిదో రోజు పద్మను పిలిచి చదవమన్నాను.

కాటుక ఆ ఇంటి మెట్లన్నీ ఎక్కుతుంది కానీ ఆరో మెట్టుమీద కాలు పెట్టదు, అయిదునుంచి ఏడుకు దూకుతుంది. సుభద్రమ్మ దీపం తెమ్మని వంగి ఆ మెట్టును చూసింది. అక్కడ ఆగిపోయింది. అప్పటినుంచి అన్నం తింటున్నా ఆ మెట్టే, పద్యం చెబుతున్నా ఆ మెట్టే.

పోయిన ఆదివారం పద్మ ఒక్కతే అబిడ్స్ పోయి వెంకటేశం దగ్గర అదే నవల ఇంకో కాపీ పట్టుకొచ్చింది. పూర్తిది. "అత్తమ్మా, బెత్సీ అత్తమ్మకు ఎట్ల తెలుస్తది? నాలుగు నిమిషాల్ల చదివి చెప్త" అంది. ఒప్పుకుందామనే అనిపించింది, నీ దగ్గర దాచను. కానీ అది పేజీ తిప్పుతుంటే నాకు ఏదో అయింది. ఇక ముందు ప్రతి పుస్తకం చివర ఇట్లాగే ఎవరో ఒకరి ముఖం చూస్తూ కూర్చోవాలి, ఆ ముఖం కూడా కనిపించకుండా. వద్దు, తిరిగి ఇచ్చి రా అన్నాను. పిల్ల బిత్తరపోయింది.

మరునాడు హెడ్‌మిస్ట్రెస్ కామాక్షి గారి గదికి పోయి ఉన్నదంతా చెప్పేశాను. ఆవిడ విని, "మీరు పుస్తకం చూడకుండా పాఠం చెబుతుంటే, ప్రభావతి గారిని చూసి నేర్చుకోండని కొత్త టీచర్లకు చెప్పానండీ" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. మార్చి మొదటిదాకా సెలవు ఇస్తారు. అప్పటికి నేను వచ్చి ఆవిడ ముందు ఏడో తరగతి వాచకం చదివి వినిపించాలి. లేకపోతే రాజీనామా. న్యాయంగానే ఉంది.

జ్ఞానమణి సిస్టర్ చూపించింది. డాక్టరు, కుడి కంటి పొర పండింది, డిసెంబరులో చేద్దామన్నారు. చేయించుకుంటాను. భయం ఉంది, చాలా ఉంది. పొద్దున లేవగానే అమ్మ చేతులు గుర్తుకొస్తున్నాయి. అయినా చేయించుకుంటాను. నేరస్తుడు సంగీతం మాస్టారని నా ఊహ. రాసి పెట్టుకో.

ప్రభావతి


మెదక్,
5 డిసెంబరు 1966

ప్రభా,

పన్నెండో తారీఖు పొద్దుటి బస్సుకు వస్తున్నాను. పద్మను నాంపల్లిలోనే ఉండమను, నేను రిక్షా చేసుకుని వస్తాను. ఆపరేషన్ తర్వాత తలకు రెండువైపులా ఇసుక సంచులు పెట్టి కదలొద్దంటారు. దగ్గకూడదు, తుమ్మకూడదు. కాబట్టి నీ నశ్యం డబ్బా ఇవాళే పద్మకు ఇచ్చెయ్. నీ దగ్గర రెండోది కూడా ఉంటుంది, అదీ ఇచ్చెయ్. నీ కోసం ప్రార్థన చేస్తున్నాను.

బెత్సీ


మెదక్,
8 జనవరి 1967

పద్మా, ఇది మీ అత్తమ్మకు చదివి వినిపించు. కవరులో ఉన్న ఫారం మీది కుట్లు మాత్రం తెంపకు.

ప్రభా, క్షేమంగా చేరాను, డ్యూటీలో పడి ఉత్తరం ఆలస్యమైంది. కట్టు విప్పిన రోజు నువ్వు నా వైపు తిరిగి, "ఇంత తెల్లబడ్డావేమే" అన్నావు. అది నా చీర అని చెప్పడానికి మనసు రాలేదు. కంగారు పడకు. లోపలి పొర తీసేశాక అద్దాలు లేకపోతే అంతా మసకే. కంటికి వేసిన కుట్లు తీసి, ఆరు వారాలు గడిచాక అద్దాలకు నంబరు రాస్తారు. గన్‌ఫౌండ్రీలో అద్దాల దుకాణంలో చేయించుకో. అప్పటిదాకా బరువులు ఎత్తకు, వంగకు.

ఆ పది రోజులూ నువ్వు చేతులు పక్కన పెట్టుకుని కదలకుండా పడుకున్నావు. నీలాంటి పేషెంటును నేను చూడలేదు. ఒక్క రోజు మాత్రం, పక్క మంచం ఆవిడకు కట్టు విప్పితే చూపు రాలేదని విని, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నావు. ఆ మధ్యాహ్నమంతా నేను కూడా భయపడ్డాను. ధైర్యం చెప్పడానికి వచ్చినదాన్ని కాబట్టి అప్పుడు చెప్పలేదు.

ఇంకొకటి కూడా చెప్పలేదు. ఈ ఫారం నేను చదవలేదు. కొన్న రోజే విప్పి కుట్టేశాను. నీకు చూపు రాకపోతే నేను ఒక్కదాన్నే దీని చివర తెలుసుకుని ఏం చేసుకోను అనిపించింది.

బెత్సీ


నాంపల్లి,
26 ఫిబ్రవరి 1967

బెత్సీ,

ముందుగా అట్ట సంగతి. 'ఆరో మెట్టు' మీద పిల్లి ఎర్రగా ఉంది. పైగా మెడలో గంట కట్టాడు. గంట కట్టుకున్న పిల్లి అడుగు చప్పుడు కాకుండా దొంగ వెనక ఎట్లా నడుస్తుంది? ఈ మనిషికి నవల ఇవ్వకుండానే బొమ్మ వేయమంటారేమో. ఇవాళ వెంకటేశం దగ్గరున్న పాతవన్నీ తీయించి చూశాను, ఒక్కదాంట్లోనూ నల్లపిల్లి లేదు.

ఈ ఉత్తరం నా రాత. వరుసలు లెక్కపెట్టుకో.

అద్దాలు గురువారం వచ్చాయి. అసలైన సోడాబుడ్డి అద్దాలు. పెట్టుకోగానే అన్నీ ముందుకు దూకాయి. మెట్టు ఇక్కడ ఉందనుకుంటే అక్కడ ఉంటోంది, కాఫీ గ్లాసు అందుకోబోతే చెయ్యి గాల్లో ఆగుతోంది. అన్నయ్య ముక్కు అంత పెద్దదని నాకు ఈ యాభై ఏళ్లలో తెలియదు. పద్మ గడ్డం కింద చిన్న పుట్టుమచ్చ ఉంది. చాలా రోజుల తర్వాత చూశాను. చూస్తుంటే అది సిగ్గుపడి, "ఏంది అత్తమ్మా, గట్ల చూస్తున్నవ్?" అని లోపలికి పోయింది. ఎడమ కన్ను వచ్చే చలికాలం చేయించుకుంటాను. నువ్వు రాసేలోపే నేనే రాస్తున్నాను.

నిన్న బడికి పోయాను. కామాక్షి గారు వాచకం నా ముందు పెట్టి, నాకు కంఠస్థం లేని వచనపాఠం తీశారు. తెలివైన మనిషి. పుస్తకం ముక్కుకు దగ్గరగా పెట్టుకుని, నెమ్మదిగా, రెండు పేజీలు చదివాను. మూడోది తిప్పబోతే ఆవిడే మూసేసి, బుధవారం నుంచి రమ్మన్నారు. బయటికి వచ్చి అబిడ్స్ దాకా నడిచాను. రోడ్డు నేనే దాటాను, పద్మ పక్కన నడిచిందంతే. ఇవాళ మళ్లీ పోతే వెంకటేశం పుస్తకాలు సర్దుకుంటూ, "మే నెలల తీస్కపోయిన పుస్తకం మల్ల తీస్కపోతుంటె నాకు సమజయింది టీచరమ్మా. అడిగితె మీరు నొచ్చుకుంటరని అడగలే" అన్నాడు. అందరికీ తెలిసిన సంగతిని ఇన్నాళ్లు ఎంత కష్టపడి దాచుకున్నానో చూడు.

ఇక నీ ఫారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో కూర్చుని, పద్మ చిన్న కత్తెర తీసుకుని నీ కుట్లు ఒక్కొక్కటే తెంపాను. ముప్పై ఒకటి వేశావు. నా కంటికి కూడా అన్ని వేయలేదు. పదహారు పేజీలు చదవడానికి సాయంత్రమైంది. మధ్యలో ఇంటివాళ్ల పిల్లి వచ్చి పక్కన కూర్చుంది. ఈసారి పిల్లే.

చివరి వాక్యం దాకా నేనే చదివాను బెత్సీ. నువ్వు పక్కన ఉంటే బాగుండుననిపించింది.

ఆరో మెట్టు కింద ఏముందో, అక్కడ ఎవరు పెట్టారో ఇప్పుడు నాకు తెలుసు. సంగీతం మాస్టారి గురించి మాత్రం నన్నేమీ అడగకు. నువ్వేమో చివర ఇంకా చదవలేదు. నియమం నియమమే. పుస్తకం రేపు పొద్దున్నే బుక్‌పోస్టులో వేస్తాను. నీ ఊహ రాసి పంపు, అప్పుడే ఫారం వస్తుంది. అది నా ట్రంకులో ఉంది. ఈసారి చివరిదే. నూట పదమూడు నుంచి నూట ఇరవై ఎనిమిది దాకా, పేజీల నంబర్లు నేనే చదివి చూసుకున్నాను.

నీ ప్రభావతి